ఆముదం వాసన కొట్టిన ఉక్కు గొట్టం

1959, ఎండాకాలం. నరసరావుపేటలో స్టేషన్ రోడ్డుకు కాస్త ఎడంగా నాకొక రేకుల షెడ్డు ఉండేది. ఆయిల్ ఇంజన్లు, నీళ్ళ పంపులు, నూనె మిల్లుల్లో యంత్రాలు బాగుచేయటం నా పని. వినుకొండ వైపు మెట్టచేలల్లో ఇంజను మొరాయించినా, మాచవరం దగ్గర బావిలో పంపు నీళ్ళు లాగకపోయినా, బండి మీద వేసుకొని నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. బళ్ళో నేను చదివింది ఐదో తరగతి. మిగతా చదువంతా ఇనుము దగ్గరే.

ఈ సంగతి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన నెల టీ కొట్టు దగ్గర ఒక పెద్దమనిషి పదిమందిని చుట్టూ కూర్చోబెట్టుకొని చెప్తున్నాడు: "ఆ రోజుల్లో మన పేటలో బాంబు దొరికిందయ్యా. పోలీసులు తీసుకెళ్ళి చెరువులో పూడ్చారు" అని. నా ముందే! ఆ వస్తువును ఈ రెండు చేతులతో విప్పినవాణ్ణి నేను బతికుండగానే! బాంబూ కాదు, చెరువూ కాదు. "అయ్యా, అది..." అని నేను నోరు తెరిచేలోపు, "నీకు తెలీదులే తాతా" అన్నాడు. నాకు తెలీదంట. అందుకని కాయితం మీద పెడుతున్నాను.

ముందు మా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. ఈ కాలం మెకానిక్కు డబ్బా తెరుస్తాడు, పాత పార్టు పారేస్తాడు, కొత్తది బిగిస్తాడు. మాకా సుఖం లేదు. యంత్రం ఏ దేశానిదో తెలియదు, దాని పుస్తకం ఏ చెదలు తిన్నాయో తెలియదు. వచ్చిన ముక్క ఏందో దాని ఒంటి మీదే చదువుకోవాలి. మెరిసిన చోట కదిలింది. మసిపట్టిన చోట కదల్లేదు. ఒకవైపే అరిగితే బరువు అటే పడింది. దీన్ని మేము 'అరుగుదల చూడటం' అనేవాళ్ళం. వైద్యుడు నాడి చూసినట్టు. కాకపోతే మా రోగి అబద్ధం చెప్పడు.

ఆ రోజు పొద్దెక్కేసరికి జాన్‌బీ మా షెడ్డుకు వచ్చింది. పాత ఇనుము కొట్టు ఇమాం సాహెబు భార్య. నాకంటే వయసులో పెద్దది. నన్ను 'అబ్బాయ్' అనేది, నేను 'వదినా' అనేవాణ్ణి. ఆమె మాటకు ఆకురాయి పదును.

"ఏందబ్బాయ్, నువ్విక్కడ ఇనుము అరగదీస్తా కూర్చున్నావు. అక్కడ మీ అన్నని పోలీస్ స్టేషన్ అరుగు మీద కూర్చోబెట్టారు."

"ఎందుకు వదినా?"

"దొంగసొత్తు కొన్నాడంట. ఈయన మొహానికి దొంగసొత్తొకటి! నేను వెంట లేకపోతే కొత్తిమీర కట్ట కూడా సరిగ్గా కొనలేడు."

నవ్వు వచ్చింది కానీ ఆమె కళ్ళు చూసి మింగేశాను. చీర కొంగు చేతికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

జరిగింది ఇది. ఊరి చివర ఆముదం మిల్లు నడిపే పిచ్చయ్య గారి యంత్రంలోంచి ర్యామ్ పోయింది. ర్యామ్ అంటే, ఆముదపు గింజల్ని పిండే ప్రెస్సు ఉంటుంది కదా, దాని గుండెకాయ. కింద సిలిండర్లోంచి నున్నటి ఉక్కు స్తంభం పైకి లేచి, గింజల సంచుల్ని పైనున్న పలకకేసి అదుముతుంది. రిపేరుకని విప్పి దొడ్లో పెడితే, గొట్టంతో సహా ఎవరో లేపుకుపోయారు. పిచ్చయ్య గారు పాత ఇనుము కొట్లన్నీ గాలించారు. ఇమాం సాహెబు కొట్లో ఒక ఉక్కు గొట్టం, దానిలోంచి తళతళలాడే స్తంభం కనపడ్డాయి. వాసన చూస్తే ఆముదం. ఇంకేం కావాలి?

"ఎవరి దగ్గర కొన్నాడు మరి?" అన్నాను.

"అడిగితే గదా! మీ అన్న ధర్మం నీకు తెలవదా?"

నాకు తెలుసు, పేటంతటికీ తెలుసు. ఇమాం సాహెబు అమ్మేవాణ్ణి ఊరూ పేరూ అడిగేవాడు కాదు. "ఇంట్లో ఇనుము అమ్ముకోటానికి వచ్చినవాడు ఏదో ఇబ్బందిలో ఉండి వస్తాడు. నువ్వెవరు, ఇది యాడది అని నిలదీస్తే తల ఎత్తుకోలేడు" అనేవాడు. ఆ మర్యాదే ఇప్పుడాయన మెడకు చుట్టుకుంది.

స్టేషనుకు వెళ్ళేసరికి ఇమాం సాహెబు అరుగు మీద టోపీ సర్దుకొని, గోడకు ఆనుకోకుండా నిటారుగా కూర్చొని ఉన్నాడు. ఆ గోడకు ఆనుకుంటే తాను అక్కడివాణ్ణే అయిపోతానని భయమేమో. నన్ను చూసి ఒక్కటే మాట అన్నాడు: "తమ్ముడూ, బజారు మధ్యలోంచి నడిపించుకొచ్చారు."

ఎస్.ఐ. గారు పడుచువాడు, సౌమ్యుడు. ఆయన బల్ల పక్కన పిచ్చయ్య గారు కుర్చీ నిండా కూర్చొని ఉన్నారు. భారీ మనిషి. నడుమ నేల మీద ఆ వస్తువు, స్తంభం పైకి వచ్చేటట్టు, గోడకు ఆనించి నిలబెట్టి ఉంది.

నా రొమ్ము ఎత్తున ఉంది. అడుగున లావుపాటి గొట్టం. దానిలోంచి పైకి వచ్చిన స్తంభం, అద్దంలాగా మెరుస్తోంది. గొట్టాన్నీ స్తంభాన్నీ కలుపుతూ కత్తెర రెక్కల్లాగా మడతపడే రెండు ఇనుప చేతులు. స్తంభం చివర పక్కకు పొడుచుకొచ్చిన పొట్టి ఇరుసు. గొట్టం అడుగున బోల్టులు దూర్చే చెవులు, సైకిల్ ట్యూబుకు ఉన్నట్టు ఒక గాలి వాల్వు. పేరు పలక ఊడిపోయింది, దాని రివెట్ల బొక్కలు మాత్రం మిగిలినయ్.

"ఏవయ్యా మేస్త్రీ, నా మిల్లు ఇంజను చూసేది నువ్వే గదా. చెప్పు, ఇది నా ర్యామే గదా?" అన్నారు పిచ్చయ్య గారు.

"ఇంజను నేను చూస్తానండీ. మీ ప్రెస్సు మద్రాసు నుంచి పాతది తెచ్చుకున్నారు, బిగించింది వేరే ఫిట్టరు. ఆ ర్యామ్ నేనెప్పుడూ చూళ్ళేదు. మీరు చూశారా?"

"నా సొత్తు నేను చూడనా? చూశా. ఒకసారి. గ్రీజు పూసి ఉంది." వేలు పెట్టి వాల్వు దగ్గరున్న జిడ్డు తీసి నా ముక్కు కింద పెట్టారు. "ఇదేంది? ఆముదం కాదంటావా?"

వాసన చూశాను. ఆముదమే. ఎన్నో ఏళ్ళు మూతపెట్టిన ఆముదం. దాని వెనకాల ఇంకేదో ఘాటు.

"ఆముదమే. దాంతోపాటు స్పిరిట్టులాంటి వాసన కూడా ఉంది" అన్నాను.

"స్పిరిట్టా?" అని వాకిట్లో కాన్‌స్టేబులు తల దూర్చాడు. మద్యనిషేధం రోజులవి. జాన్‌బీ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "నిన్ను పిలుచుకొచ్చింది విడిపించటానికబ్బాయ్, సారా కేసు కూడా అంటగట్టటానికి కాదు" అంది.

ఎస్.ఐ. గారు నవ్వాపుకొని, "మేస్త్రీ, తేల్చి చెప్పు. ఇది ప్రెస్సు ర్యామా, కాదా?" అన్నారు.

"కాదండీ. పిండే యంత్రానికి ఈ కత్తెర చేతులెందుకు? ఈ ఇరుసెందుకు? గాలి వాల్వెందుకు?"

"నీకు తెలియని ప్రెస్సుకు ఏముంటయ్యో నీకెట్టా తెలుసు?" అన్నారు పిచ్చయ్య గారు. నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్న న్యాయమైందే.

ఎస్.ఐ. గారు కాసేపు బల్ల మీద పెన్సిలు దొర్లించారు. "ఆయన ఔనంటున్నారు. నువ్వు కాదంటున్నావు. నాకు మీ ఇద్దరి మాటా ఒకటే. కాదు అంటే సరిపోదు మేస్త్రీ. ఏందో చెప్పు. రేపు మధ్యాహ్నం దాకా చూస్తా. తెలిస్తే సాహెబు ఇంటికి. తెలియకపోతే కోర్టులో హాజరు పెట్టక తప్పదు. నా చేతుల్లో లేదు."

అరుగు మీంచి ఇమాం సాహెబు అదంతా విన్నాడు. "కోర్టుకా!" అన్నాడు. పాత ఇనుము బేరం చేసేవాడికి ఒకసారి కోర్టు మెట్లెక్కాడన్న పేరొస్తే, ఆ తర్వాత మేకు పోయినా ఆయన కొట్లోనే వెతుకుతారు.

కాన్‌స్టేబుల్ని కాపలా ఇచ్చి ఆ వస్తువును మా షెడ్డుకు పంపించారు. బండి మీద ఊరేగి వచ్చేసరికి వెనక సగం బజారు. పేటవాళ్ళకు తెలియనిదంటూ ఏముంది? ఒకడు డ్యామ్ కట్టే చోట క్రేన్ ముక్క అన్నాడు. ఒకడు బోరు వేసే మిషను అన్నాడు. మా వీధి చివర పురాణ కాలక్షేపం చేసే ఆయన, "పల్నాటి యుద్ధం నాటి ఫిరంగి" అని తేల్చేశాడు.

"పల్నాటి యుద్ధంలో గాలి వాల్వుందా స్వామీ?" అన్నాను.

"అప్పటి విద్యలు మీకేం తెలుసు?" అన్నాడు. ఇట్టాంటివాళ్ళ మీద నాకు అప్పుడూ మంటే, ఇప్పుడూ మంటే. విప్పకుండా పేరు పెట్టేవాణ్ణి షెడ్డు గడప తొక్కనివ్వకూడదు.

స్టేషన్లో నిలబెట్టినట్టే, స్తంభం పైకి వచ్చేటట్టు, బల్లకున్న ఇనుప దవడల వైసులో బిగించాను. ముందుగా వాల్వు పిన్ను నొక్కాను. బుస్సుమని గాలి, దాని వెంట పిచికారీలాగా నూనె తుంపర. కాన్‌స్టేబులు "బాంబురోయ్!" అని ఒక్క గెంతులో రోడ్డు మీద పడ్డాడు. బజారంతా ఆయన వెనకాలే. టీ కొట్టు పెద్దమనిషి చెప్పే బాంబు పుట్టింది సరిగ్గా అక్కడ. జాన్‌బీ మాత్రం కదల్లేదు. మొహాన పడిన తుంపర కొంగుతో తుడుచుకొని, "ఆముదమే. తలకు రాసుకోవచ్చు" అంది.

గాలంతా పోయాక గొంతు నట్టు విప్పి స్తంభం బయటికి లాగాను. లోపల రబ్బరు రింగులు ఎండి పెళుసెక్కి ముక్కలైపోయినయ్. లోపల చూస్తే ఒక పలక, పలక మధ్యలో సన్నటి బెజ్జం. స్తంభం కదిలినప్పుడల్లా నూనె ఆ బెజ్జంలోంచి దూరి పోవాలి. లావుపాటి గొట్టంలో నూనె, సన్నటి దారి. అంటే స్తంభం వేగంగా కదలబోతే నూనె పట్టి ఆపుతుంది, మెల్లిగా అయితేనే పోనిస్తుంది. నూనె బ్రేకు, గాలి స్ప్రింగు. దెబ్బను మింగే ఏర్పాటు.

అరుగుదల చూశాను. కత్తెర చేతుల కీళ్ళు పెద్దగా అరగలేదు. స్తంభం మీద మాత్రం ఒకవైపు సన్నటి గీతలు. అంటే ఇది రోజంతా ఆడేది కాదు. ఎప్పుడో ఒకసారి ఆడుతుంది, ఆడినప్పుడు గట్టిగా తగులుతుంది. ఇరుసు మీద బేరింగు కూర్చున్న గుర్తు ఉంది. అంటే చక్రం. ఒకే ఒక్క చక్రం, అదీ ఒక పక్కకు. లారీ కాదు, బండి కాదు.

కానీ ఒక్కటి పొసగలేదు. నేను నిలబెట్టిన తీరులో గాలి వాల్వు అట్టడుగున ఉంది. గాలి నూనె కింద ఉంటుందా ఎక్కడైనా? బుడగలై పైకి పోదూ? ఇంత శ్రద్ధగా చేసినవాడు అంత తెలివితక్కువగా చేస్తాడా? దాని చుట్టూ తిరిగాను, కూర్చున్నాను, లేచాను. చేసినవాణ్ణి తిట్టాను. అదీ పని చేయలేదు.

"ఏమంటది అది?" అంది జాన్‌బీ.

"పైనుంచి బరువుగా దిగేదాన్ని మెత్తగా పట్టుకునేది వదినా. దానికి చక్రం కూడా ఉంది. పైనుంచి చక్రాల మీద దిగేదేంది?"

"మన పేటలో పైనుంచి దిగేవి రెండే అబ్బాయ్. ఒకటి వాన. రెండోది దేవదానం మేష్టారి ఏరోప్లేను."

నవ్వాను. నవ్వు సగంలో ఆగిపోయింది.

దేవదానం మేష్టారిది నూజెండ్ల. పేటలో మిషను బళ్ళో లెక్కలు చెప్పేవాడు. యుద్ధం రోజుల్లో బెంగాలు వైపు విమానాల మైదానంలో ఫిట్టర్లకు చేతి సాయంగా పనిచేసి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి, దొరికినవాడికల్లా ఏరోప్లేను కథ చెప్తాడు. కూడికలు మొదలుపెడితే చాలు, ఏరోప్లేను దిగేదంట. ఆయన ఎదురొస్తుంటే పేటవాళ్ళు సందులోకి తిరిగేవాళ్ళు. జీవితంలో మొదటిసారి ఆయన్ని పిలవటానికి నేనే వెళ్ళాను.

"ఏరోప్లేను సంగతి మేష్టారూ" అన్నాను. చొక్కా గుండీలు దారిలో పెట్టుకుంటూ వచ్చాడు.

స్తంభాన్ని తిరిగి గొట్టంలో దూర్చి పెట్టాను. మేష్టారు వచ్చి చూశాడు. చుట్టూ తిరిగాడు. మొహం వాడిపోయింది. పాపం, ఇన్నేళ్ళకు ఒకడు తనంతట తాను అడిగితే, చెప్పటానికి ఏమీ లేదు.

"ఇట్టాంటిది నేను చూళ్ళేదయ్యా" అన్నాడు.

"చూళ్ళేదా! రోజూ చెప్పేవారు గదా, తడిమాను, తుడిచాను అని?" అంది జాన్‌బీ. ఆ గొంతులో ఎగతాళి లేదు, బెదురుంది.

మేష్టారు వాసన చూశాడు. "ఈ వాసన మాత్రం నాకు తెలుసు. అక్కడ డబ్బాల కొద్దీ ఉండేది ఈ నూనె. సెలవుకి ఇంటికొస్తే మా అమ్మ, 'ఏరా, విమానాలన్నావు, ఆముదం గానుగలో చేరావా?' అనేది." కత్తెర చేతుల్ని పట్టుకొని ఊపాడు. నేల మీద గొంతుక్కూర్చున్నాడు. తల వంచి, ఇంకా వంచి, టోపీ పడిపోయేదాకా వంచి చూశాడు. ఒక్కసారిగా లేచి నా మీద అరిచాడు.

"ఎవరయ్యా దీనిచేత శీర్షాసనం వేయించింది?"

"ఏందండీ?"

"ఇది కాలయ్యా! కాలిని తీసుకొచ్చి తలకిందులుగా నిలబెట్టి ఇది ఏందని అడిగితే నేనేం చెప్పను? మీ తాతని కాళ్ళు పైకి పెట్టి చూపిస్తే నువ్వు గుర్తుపడతావా?"

వైసు విప్పి తిరగేశాం. అంతే. గాలి పైకి, నూనె కిందికి వచ్చినయ్. లావుపాటి గొట్టం చెవులు విమానం రెక్కకు బిగించే చోటికి, ఇరుసు నేల దగ్గరికి, అన్నీ ఎక్కడివక్కడ కూర్చున్నయ్. కత్తెర చేతులు స్తంభాన్ని గొట్టంలో గిర్రున తిరగనివ్వకుండా, చక్రం ఎప్పుడూ ముందుకే చూసేటట్టు పట్టుకునేవి. వాటిని టార్క్ లింకులు అంటారని తర్వాత చదివాను. మొత్తం కాలికి ఓలియో స్ట్రట్ అని పేరు. మేష్టారు మాత్రం అండర్‌క్యారేజ్ లెగ్ అన్నాడు. "విమానం నిలబడి ఉన్నప్పుడు ఈ మెరిసేది ఎంత బయట ఉందో ఫిట్టర్లు వేళ్ళు పెట్టి చూసేవాళ్ళు. మెరుపు తగ్గితే గాలి కొట్టమనేవాళ్ళు. ఆ పంపు తొక్కింది నేనే" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగినయ్ ఆయనకి.

తలకిందులుగా ఎందుకు పెట్టామో ఇప్పుడు చూస్తే తెలుస్తుంది. మేమంతా ఆముదం ఊరివాళ్ళం. ఆముదం వాసనొస్తే మాకు గుర్తొచ్చేది ప్రెస్సు. ప్రెస్సులో ర్యామ్ కిందినుంచి పైకి లేస్తుంది. పిచ్చయ్య గారు అట్టాగే నిలబెట్టారు, పోలీసులు అట్టాగే ఉంచారు, నేనూ అట్టాగే వైసులో బిగించాను. ముక్కు చెప్పినట్టు కళ్ళు చూసినయ్.

మా వైపుకు ఎట్టా వచ్చిందన్నది పెద్ద చిక్కేం కాదు. యుద్ధం అయిపోయాక విరిగిన విమానాల చక్రాలు తుక్కు కింద అమ్మితే, కొనుక్కొచ్చి ఎడ్లబండ్లకు బిగించుకున్నవాళ్ళు గుంటూరు జిల్లాలో ఊరూరా ఉన్నారు. టైరు బండి అంటే అదే. చక్రం బండికి పోయింది, కాలు ఏ గొడ్ల చావిట్లోనో గేదెను కట్టేసే గుంజ అయి ఉంటుంది. గొట్టానికి పలుపు తాడు ఒరిసిన గుర్తు కూడా కనపడింది నాకు.

సాయంత్రానికి స్టేషనుకు పరిగెత్తాం. పిచ్చయ్య గారు విని పొట్ట పట్టుకొని నవ్వారు.

"ఏరోప్లేను కాలంట! రేపు రైలు చెయ్యి తెస్తారు. ఏవయ్యా మేష్టారూ, పెట్రోలుతో ఎగిరేదానికి ఆముదమెందుకు? మలబద్ధకమా దానికి?"

స్టేషనంతా నవ్వింది. ఇమాం సాహెబు కూడా నవ్వబోయి, తను ఎక్కడున్నాడో గుర్తొచ్చి మానుకున్నాడు. ఎస్.ఐ. గారు మేష్టారిని చూశారు, నన్ను చూశారు. "మీరు చెప్పేది బాగానే ఉంది. కానీ నేను ఎదురు పార్టీకి చూపించాలి గదా. మాటలు కాదు, చూపించండి" అన్నారు.

చూపించమంటే చూపించేదే మా వృత్తి. పాత రబ్బరు రింగులు పనికిరావు. చేతిపంపులకు మేము వేసే తోలు వాషర్లు ఉంటయ్. ఎద్దు తోలు గుండ్రంగా కోసి, ఆముదంలో నానేసి, కర్ర అచ్చులో నొక్కిపెడితే గిన్నెలాగా తయారవుతుంది. ఎంత ఒత్తిడి వస్తే అంత గట్టిగా గోడకు అంటుకుంటుంది. పంపులకని నానేసి ఉంచిన తోలు షెడ్డులో ఉంది. స్తంభం కొలతకు కోసి, అచ్చు వేసి ఉంచాను. జాన్‌బీ ఇంట్లో దీపానికి ఉంచుకున్న ఆముదం చెంబుతో తెచ్చింది. "పిచ్చయ్య గారి మిల్లుదే. ఆయన నూనెతోనే ఆయన నోరు మూయించు" అంది.

ఆ రాత్రే వాషర్లు తొడిగి, నూనె పోసి, గొంతు నట్టు బిగించాను. పొద్దున్నే స్టేషను ఆవరణలో నాలుగు సరుగుడు బాదులు పాతించాను. వాటి మధ్య కాలిని నిలబెట్టి, పైకీ కిందికీ జారేటట్టు, పక్కకు పడకుండా తాళ్ళు చుట్టాను. పై కొన మీద ఒక మందపు చెక్క పీట బిగించాను. లారీ టైర్లకు గాలి కొట్టే కాలి పంపు తగిలించాను. మేష్టారు పంచె ఎగ్గట్టి, "జరుగు, ఇది నా పని" అని పంపు తొక్కటం మొదలుపెట్టాడు. నేనెంత చెప్పినా ఇంకొకరికి ఇవ్వలేదు. పీట మెల్లగా పైకి లేచింది. కింద స్తంభం మెరుపు వేలంత, రెండు వేళ్ళంత, బెత్తెడు.

"ఎవరన్నా ఎక్కండి" అన్నాను.

కాన్‌స్టేబులు రెండడుగులు వెనక్కి వేశాడు. ఎస్.ఐ. గారు పిచ్చయ్య గారి వైపు చూశారు. "మీ ర్యామ్ అంటున్నారు గదా. మీరే ఎక్కండి."

పరువు సంగతి వచ్చేసరికి పిచ్చయ్య గారు కండువా తలకు చుట్టుకొని, చెరోవైపూ మనిషిని పట్టుకొని ఎక్కి కూర్చున్నారు. కాలు ఆయన బరువుకు కిందికి దిగింది. దబ్బున కాదు. బాలింతరాలు మంచం మీద కూర్చున్నట్టు, మెల్లిగా, నిదానంగా దిగి, ఆగి, కాస్త పైకి వచ్చి నిలిచింది. ఆయన లేవబోతే లేచింది, కూర్చుంటే దిగింది. ఆయన మొహంలో కోపం పోయి, తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కిన పసివాడి వెలుగు వచ్చింది. ఇంకోసారి లేచి కూర్చున్నారు. ఇంకోసారి.

"పిచ్చయ్య గారూ" అన్నాను, "మీ ర్యామ్ గింజల్ని అదిమేటప్పుడు ఇట్టా వెనక్కి తగ్గుద్దా?"

ఆయన ఊగటం ఆపారు. ఎంతైనా మిల్లు నడిపిన మనిషి. తల దించి కాలి వైపు చూశారు.

"తగ్గితే చుక్క కారదు" అన్నారు నెమ్మదిగా. "ఇది బరువు పడితే లొంగుద్ది. లొంగేది ప్రెస్సు కాదు. ఎస్.ఐ. గారూ, ఇది నాది కాదు." దిగుతూ దిగుతూ ఆగి, "అయితే మేష్టారూ, ఏరోప్లేను కాళ్ళల్లో నిజంగా ఆముదమే పోస్తారా?" అని అడిగారు.

"ఆముదం, దాంట్లో స్పిరిట్టు కలిపి" అన్నాడు మేష్టారు రొప్పుతూ.

"అంటే మన మెట్టచేల ఆముదం లేకపోతే ఆ దొరల విమానాలు చతికిలబడేవన్నమాట!" అన్నారు పిచ్చయ్య గారు జనం వైపు తిరిగి. పోయిన ర్యామ్ సంగతే మర్చిపోయారు. ఆ తర్వాత ఆయన తన మిల్లుకు ఎవరొచ్చినా మొదట చెప్పింది ఆ మాటే. ఆయన అసలు ర్యామ్ దొరికిందా అంటే, నాకు తెలియదు. కొత్తది వేయించుకున్నారు. నన్నడిగింది ఈ ఒక్క వస్తువు గురించి.

ఎస్.ఐ. గారు "సాహెబూ, ఇక మీరు ఇంటికి వెళ్ళొచ్చు" అన్నారు. ఇమాం సాహెబు లేవలేదు.

"హుజూర్, నేను వచ్చేటప్పుడు బజారంతా చూసింది" అన్నాడు. "ఒక్కణ్ణే సందుల్లో పడి ఇంటికి పోతే, వదిలేశారంటారు గానీ, తప్పులేదు అనరు. ఇజ్జత్ సందుల్లోంచి తిరిగి రాదండీ."

పిచ్చయ్య గారు గొంతు సవరించుకున్నారు. "నా జట్కా బయటుంది" అన్నారు. "రా సాయిబూ. నేనే తోలుకుపోతా. నోరు పారేసుకుంది నేను గదా."

ఆ జట్కాలో పిచ్చయ్య గారు ఒకవైపు, ఇమాం సాహెబు ఇంకోవైపు, మధ్యలో నిలువునా ఆ కాలు, స్టేషన్ రోడ్డు మీదుగా పెద్ద బజారు గుండా కదిలారు. బండి ఎక్కడాగితే అక్కడ పిచ్చయ్య గారే అరిచి చెప్తున్నారు: "విమానం కాలయ్యా, విమానం కాలు! నాది కాదు! సాయిబు న్యాయంగా కొన్నది!" వెనక నడుస్తూ మేష్టారు, ఇష్టమున్నా లేకపోయినా ప్రతివాడికీ అది దిగే తీరు చేతులతో చూపిస్తున్నాడు. ఆ రోజు ఒక్కడు కూడా సందులోకి తిరగలేదు. జాన్‌బీ నా పక్కన నడుస్తా, "ఆ కాలు నా ఇంట్లో పెడితే ఇద్దర్నీ కలిపి బయటికి తోస్తా" అని గొణుగుతోంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

ఆ తర్వాత నా షెడ్డుకు ఎన్నో తెలియని ముక్కలు వచ్చినయ్. కొన్ని పట్టుకున్నాను, కొన్ని పట్టుకోలేకపోయాను. ఏది వచ్చినా ముందు తిరగేసి చూస్తాను, అటు కాకపోతే ఇటు. తెచ్చినవాడు ఎట్టా నిలబెట్టాడో అది వాడి ఊహ. వస్తువు ఊహ వేరే ఉండొచ్చు. ఇంకొకటి కూడా అప్పుడే పట్టుబడింది. తెలివైనవాళ్ళు చానామంది 'ఇది కాదు' అని చెప్పి చేతులు దులుపుకుంటారు. నేనూ మొదట చేసింది అదే, పైగా నేను చెప్పింది నిజం కూడా. ఆ నిజాన్ని నమ్ముకొని ఇమాం సాహెబు ఒక రాత్రంతా స్టేషన్ అరుగు మీద నిటారుగా కూర్చున్నాడు. 'ఇది ఫలానా' అని చూపించిన పొద్దున ఇంటికి పోయాడు.